ల్యుకేమియా కణాలపై ‘ఎ’ విటమిన్ ఉత్పన్నం చర్య: పరిణతికీ స్వస్థతకూ మధ్య తేడా

వ్యాస సంగ్రహం

‘ఎ’ విటమిన్ నుండి శరీరంలో తయారయ్యే ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లం, అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ చికిత్సను సమూలంగా మార్చివేసింది. ఇది సాధారణ కీమోథెరపీ మందుల వలె విభజన చెందే కణాలను విషప్రభావంతో చంపదు. మధ్యలో ఆగిపోయిన కణపరిణతిని తిరిగి ముందుకు నడిపిస్తుంది. అయినప్పటికీ ఈ ఔషధాన్ని ఒంటరిగా వాడినప్పుడు వ్యాధి తిరగబెట్టింది. కణం పరిణతి చెందడం, వ్యాధి నిర్మూలం కావడం అనేవి రెండు వేర్వేరు ప్రక్రియలని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. ఆ రెండు ప్రక్రియలను, వాటి అణుస్థాయి ఆధారాలను, చికిత్సకు వాటివల్ల కలిగిన ప్రయోజనాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: రెటినోయిక్ ఆమ్లం, ప్రోమైలోసైట్, విభేదనం, సంలీన ప్రోటీన్, సహనిరోధకాలు, ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్.

1. ఉపోద్ఘాతం

విటమిన్లకూ రక్త క్యాన్సర్ చికిత్సకూ ఉన్న సంబంధం తెలుగు పాఠకులకు కొత్తది కాదు. భీమవరంలో జన్మించిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. నిర్మాణంలో దాన్ని పోలి ఉంటూ, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్ వంటి పదార్థాలను కూడా ఆ బృందమే రూపొందించింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను అక్యూట్ ల్యుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇచ్చి, వారిలో 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ చికిత్సకు ఆధారమైన తర్కం సూటియైనది. వేగంగా విభజన చెందే కణానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. దాన్ని కణానికి ఉపయోగపడకుండా చేస్తే కణవిభజన ఆగిపోతుంది.

నాలుగు దశాబ్దాల తరువాత మరో విటమిన్ ఇందుకు భిన్నమైన మార్గాన్ని చూపింది. ఈసారి విటమిన్‌ను అడ్డగించడం కాక, దాని ఉత్పన్నాన్ని అధిక పరిమాణంలో అందించడమే చికిత్స అయింది. కణాన్ని చంపడం కాక, దాన్ని ఎదగనివ్వడం లక్ష్యమైంది. ఈ మార్గం సాధించిన విజయం ఎంత గొప్పదో, దాన్ని తొలినాళ్లలో అర్థం చేసుకున్న తీరు అంత అసంపూర్ణం. ఎదిగిన కణం తన ఆయువు తీరగానే మరణిస్తుంది కనుక వ్యాధి కూడా దానితోనే అంతరిస్తుందని భావించారు. చికిత్సానుభవం ఆ భావనను సమర్థించలేదు. ఆ లోటును పూరించిన పరిశోధనల క్రమమే ప్రస్తుత పరిశీలనాంశం.

2. ‘ఎ’ విటమిన్ నుండి రెటినోయిక్ ఆమ్లం

‘ఎ’ విటమిన్ అనగానే కంటిచూపు, రేచీకటి గుర్తుకు రావడం సహజం. కానీ కణాల స్వరూపాన్ని నిలిపి ఉంచడంలోనూ ఈ విటమిన్‌కు ప్రధాన పాత్ర ఉంది. 1925లో వోల్బాక్, హోవ్ అనే శాస్త్రవేత్తలు ‘ఎ’ విటమిన్ లేని ఆహారం తిన్న ఎలుకలను పరిశీలించారు. వాటి శ్వాసమార్గం, మూత్రమార్గం వంటి చోట్ల లోపలి పొరలోని మృదువైన కణాలు తమ సహజ లక్షణాలను కోల్పోయి, చర్మకణాల వలె కెరటిన్‌తో గట్టిపడినట్లు గుర్తించారు. ఒక కణం ఏ రూపం పొందాలో, ఏ పని చేయాలో నిర్ణయమయ్యే ప్రక్రియను విభేదనం అంటారు. ఆ ప్రక్రియకూ ‘ఎ’ విటమిన్‌కూ సంబంధం ఉందని ఈ పరిశీలన సూచించింది.

శరీరంలో రెటినాల్ మొదట రెటినాల్డిహైడ్‌గా, ఆపై రెటినోయిక్ ఆమ్లంగా ఆక్సీకరణం చెందుతుంది. వీటిలో మొదటి చర్య ద్విగతమైనది. రెటినాల్డిహైడ్ తిరిగి రెటినాల్‌గా మారగలదు. రెండవ చర్య ఏకగతమైనది. రెటినోయిక్ ఆమ్లం వెనక్కి మారలేదు. ఈ తేడా ఫలితాన్ని 1960లో డౌలింగ్, వాల్డ్ ప్రయోగాత్మకంగా చూపారు. ‘ఎ’ విటమిన్‌కు బదులు రెటినోయిక్ ఆమ్లాన్ని మాత్రమే పొందిన ఎలుకలు చక్కగా పెరిగాయి కానీ క్రమంగా చూపు కోల్పోయాయి. కంటికి కావలసినది రెటినాల్డిహైడ్. కణాల ఎదుగుదలకు ఆజ్ఞలిచ్చేది రెటినోయిక్ ఆమ్లం. ఒకే విటమిన్ రెండు ఉత్పన్నాల ద్వారా రెండు భిన్నమైన పనులు చేస్తున్నదన్నమాట.

రెటినోయిక్ ఆమ్లానికి అనేక సదృశకాలు ఉన్నాయి. పక్క గొలుసులోని ద్విబంధాలన్నీ ట్రాన్స్ విన్యాసంలో ఉన్నది ఆల్-ట్రాన్స్ రెటినోయిక్ ఆమ్లం. వైద్యులు దీన్ని సంక్షిప్తంగా ‘అట్రా’ అని, ఔషధ పరిభాషలో ట్రెటినాయిన్ అని వ్యవహరిస్తారు. ఈ వ్యాసంలో ఇకపై ‘అట్రా’ అనే పేరునే వాడడం జరుగుతుంది.

3. ప్రోమైలోసైట్ దశలో ఆగిన ప్రయాణం

ఎముక మజ్జలోని మూలకణం నుండి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణం ఏర్పడే క్రమంలో మైలోబ్లాస్ట్, ప్రోమైలోసైట్, మైలోసైట్, మెటామైలోసైట్ వంటి దశలు ఉన్నాయి. ప్రోమైలోసైట్ దశలో కణద్రవ్యం నిండా కణికలు ఏర్పడతాయి. మైలోసైట్ దశ దాటిన తరువాత కణం ఇక విభజన చెందదు. పూర్తిగా ఎదిగిన న్యూట్రోఫిల్ రక్తంలో చేరి, సూక్ష్మజీవులతో పోరాడి, కొద్దికాలంలోనే మరణిస్తుంది.

అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాలో ఈ ప్రయాణం రెండవ మజిలీలోనే ఆగిపోతుంది. ముందుకు సాగలేని, విభజన మానని ప్రోమైలోసైట్లు మజ్జను ఆక్రమిస్తాయి. సాధారణ రక్తకణాలకు చోటు లేకుండా పోతుంది. నార్వే వైద్యుడు లీఫ్ హిల్లెస్టాడ్ 1957లో ముగ్గురు రోగుల వివరాలతో ఈ వ్యాధిని ప్రత్యేక రూపంగా వర్ణించారు. తీవ్రమైన రక్తస్రావం, అతి వేగంగా మరణానికి దారితీసే గమనం దీని ముఖ్య లక్షణాలని ఆయన పేర్కొన్నారు. 1973లో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ బెర్నార్ బృందం డానోరుబిసిన్ అనే కీమోథెరపీ ఔషధానికి ఈ వ్యాధి బాగా స్పందిస్తుందని చూపింది. అయితే మందు ప్రభావంతో పగిలిన కణాల నుండి వెలువడే పదార్థాలు రక్తస్రావాన్ని మరింత పెంచేవి. చికిత్స మొదలైన తొలి రోజులే రోగికి అత్యంత ప్రమాదకరమైన రోజులు అయ్యేవి.

1977లో షికాగోకు చెందిన జానెట్ రౌలీ ఈ రోగుల కణాలలో 15వ, 17వ క్రోమోసోమ్‌ల మధ్య పరస్పర స్థానాంతరణాన్ని కనుగొన్నారు. రెండు క్రోమోసోమ్‌లు విరిగి, ముక్కలు ఒకదానితో ఒకటి మారిపోయాయి. విరిగిన చోట ఏ జన్యువులు ఉన్నాయో అప్పటికి తెలియదు.

4. ప్రయోగశాల నుండి షాంఘై వరకు

క్యాన్సర్ కణాన్ని చంపకుండా ఎదిగేలా చేయవచ్చుననే ఆలోచనకు 1970లలో బలం చేకూరింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో లియో సాక్స్ బృందం ఎలుకల ల్యుకేమియా కణాలను సాధారణ కణాల వలె పరిణతి చెందించవచ్చునని చూపింది. 1980లో అమెరికాలో బ్రైట్‌మన్ బృందం హెచ్.ఎల్.-60 అనే మానవ ల్యుకేమియా కణవంశంపై అట్రాను ప్రయోగించింది. లీటరుకు ఒక మైక్రోమోల్ గాఢతలో సుమారు 90 శాతం కణాలు పరిణతి చెందాయి. మరుసటి ఏడాది అదే బృందం రోగుల నుండి నేరుగా సేకరించిన ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా కణాలలోనూ ఇటువంటి ఫలితాన్ని చూపింది. హెచ్.ఎల్.-60 కణాలలో 15, 17 క్రోమోసోమ్‌ల స్థానాంతరణం లేదన్నది గమనార్హం. అంటే ఈ వ్యాధికి ప్రత్యేకమైన లోపం లేని కణవంశమే, ఈ వ్యాధి చికిత్సకు దారి చూపింది.

షాంఘైలోని రూయిజిన్ వైద్యశాలకు చెందిన వాంగ్ జెన్‌యి ఈ ఫలితాలను చికిత్సగా మలిచారు. అంతకుముందు పాశ్చాత్య దేశాలలో 13-సిస్ రెటినోయిక్ ఆమ్లంతో కొన్ని ప్రయత్నాలు జరిగినా నిలకడైన ఫలితాలు రాలేదు. వాంగ్ బృందం చైనాలో లభ్యమయ్యే ఆల్-ట్రాన్స్ రూపాన్ని ఎన్నుకొంది. 1985లో కీమోథెరపీకి లొంగని వ్యాధితో ప్రాణాపాయ స్థితిలో ఉన్న ఐదేళ్ల బాలికకు దీన్ని నోటి ద్వారా ఇచ్చారు. ఆమెకు పూర్తి ఉపశమనం కలిగింది.

1988లో ఈ బృందం 24 మంది రోగుల వివరాలను ప్రచురించింది. వారిలో 16 మంది అప్పటివరకు చికిత్స పొందనివారు. 8 మంది కీమోథెరపీకి స్పందించనివారు. 24 మందికీ పూర్తి ఉపశమనం లభించింది. ఒక్కరికి మాత్రమే అదనంగా కీమోథెరపీ అవసరమైంది. కీమోథెరపీ తరువాత సాధారణంగా కనిపించే మజ్జ క్షీణత ఈ రోగులలో కనిపించలేదు. చికిత్స సాగుతుండగా పరిణతి చెందుతున్న కణాలలో ఆయర్ కడ్డీలు కనిపించడం మరో ముఖ్యమైన ఆధారం. ఆయర్ కడ్డీలు ల్యుకేమియా కణాలకే ప్రత్యేకమైన నిర్మాణాలు. అవి ఎదిగిన కణంలో కనిపించాయంటే, ఆ కణం ఆరోగ్యవంతమైన మూలకణం సంతతి కాదు. వ్యాధిగ్రస్త కణమే ఎదిగి ఆ రూపం పొందిందని అర్థం.

5. కణకేంద్రకంలో జరిగే మార్పులు

5.1 సహజ గ్రాహకం

అట్రా ఎలా పనిచేస్తుందో తెలియకముందే అది రోగులను బతికించింది. దాని చర్యను వివరించే ఆధారాలు వేరే దారిలో వచ్చాయి. 1987లో ఫ్రాన్స్‌లో పియర్ షాంబాన్, అమెరికాలో రోనాల్డ్ ఇవాన్స్ బృందాలు విడివిడిగా రెటినోయిక్ ఆమ్ల గ్రాహకాన్ని గుర్తించాయి. ఆల్ఫా గ్రాహకంగా పేరొందిన ఈ ప్రోటీన్ కణకేంద్రకంలో ఉండి, జన్యువుల అనులేఖనాన్ని నియంత్రిస్తుంది.

ఈ గ్రాహకం ఒంటరిగా పనిచేయదు. ఆర్.ఎక్స్.ఆర్. అనే మరో గ్రాహకంతో జతకట్టి డి.ఎన్.ఎ.లోని నిర్దిష్ట స్థానాలకు అంటుకొని ఉంటుంది. రెటినోయిక్ ఆమ్లం లేనప్పుడు ఈ జంట సహనిరోధక ప్రోటీన్లను పట్టి ఉంచుతుంది. వాటితో పాటు వచ్చే హిస్టోన్ డీఎసిటైలేజ్ ఎంజైములు, డి.ఎన్.ఎ. చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల నుండి ఎసిటైల్ సమూహాలను తొలగిస్తాయి. ఆ ప్రాంతం బిగుసుకుపోయి అక్కడి జన్యువులు నిద్రాణమవుతాయి. రెటినోయిక్ ఆమ్లం గ్రాహకంలో ఇమిడినప్పుడు గ్రాహకం ఆకృతి మారుతుంది. సహనిరోధకాలు విడిపోతాయి, సహ ఉత్తేజకాలు వచ్చి చేరతాయి. హిస్టోన్లకు ఎసిటైల్ సమూహాలు తిరిగి చేరి, జన్యువులు మేల్కొంటాయి. కణపరిణతికి కావలసిన ఆజ్ఞలు ఈ విధంగా వెలువడతాయి.

5.2 సంలీన ప్రోటీన్

1990, 1991 సంవత్సరాలలో పారిస్‌లో హ్యూగ్ ద తే, ఆన్ డెజాన్ బృందంతో సహా పలు పరిశోధక బృందాలు ఈ స్థానాంతరణంలో పాల్గొనే జన్యువులను గుర్తించాయి. 17వ క్రోమోసోమ్‌లో విరిగిన చోట ఉన్నది రెటినోయిక్ ఆమ్ల ఆల్ఫా గ్రాహక జన్యువే. అది 15వ క్రోమోసోమ్‌లోని పి.ఎం.ఎల్. అనే జన్యువుతో అతుక్కొని, రెండు జన్యువుల భాగాలున్న ఒక సంలీన ప్రోటీన్‌కు జన్మనిస్తున్నది. రోగులను బతికించిన ఔషధం, ఆ రోగానికి కారణమైన ప్రోటీన్‌లోనే ఇమిడే అణువు కావడం వైద్యశాస్త్ర చరిత్రలో అరుదైన విషయం. చికిత్సను రూపొందించినవారికి ఈ సంగతి తెలియదు.

సంలీన ప్రోటీన్‌లోని పి.ఎం.ఎల్. భాగం కారణంగా దాని అణువులు పరస్పరం గుమికూడతాయి. ఈ గుంపు సహనిరోధకాలను సహజ గ్రాహకం కంటే గట్టిగా పట్టి ఉంచుతుంది. పరిణతికి అవసరమైన జన్యువులు మూతపడి ఉంటాయి. కణం ప్రోమైలోసైట్ దశలో నిలిచిపోతుంది.

సంలీన ప్రోటీన్ వల్ల మరో నష్టం కూడా ఉంది. ఆరోగ్యవంతమైన కణకేంద్రకంలో పి.ఎం.ఎల్. ప్రోటీన్ కొన్ని గుండ్రని చుక్కల వంటి నిర్మాణాలను ఏర్పరుస్తుంది. వీటిని కేంద్రక దేహాలు అంటారు. కణవిభజనను అదుపులో ఉంచే పి-53 ప్రోటీన్ చర్యకు ఇవి తోడ్పడతాయి. సంలీన ప్రోటీన్ ఉన్న కణాలలో ఈ దేహాలు చెదిరిపోయి, కేంద్రకమంతటా సూక్ష్మమైన చుక్కలుగా చెల్లాచెదురవుతాయి. ఆ విధంగా కణం పరిణతికి సంబంధించిన ఆజ్ఞలనే కాక, తనను తాను నియంత్రించుకొనే శక్తిని కూడా కోల్పోతుంది.

5.3 మోతాదు ప్రాధాన్యం

శరీరంలో రెటినోయిక్ ఆమ్లం ఎప్పుడూ ఉంటుంది. అయినా ఈ కణాలు ఎందుకు ఎదగవు? రక్తంలో సహజంగా ఉండే దాని గాఢత లీటరుకు కొన్ని నానోమోల్‌లు మాత్రమే. సహజ గ్రాహకాన్ని ఉత్తేజపరచడానికి ఆ స్థాయి చాలు. సంలీన ప్రోటీన్ నుండి సహనిరోధకాలను విడిపించడానికి అది చాలదు. సుమారు మైక్రోమోల్ స్థాయి కావాలి. అంటే వందల రెట్లు ఎక్కువ గాఢత అవసరం. శరీర ఉపరితల వైశాల్యంలో చదరపు మీటరుకు రోజుకు 45 మిల్లీగ్రాముల చొప్పున అట్రాను నోటి ద్వారా ఇచ్చే ప్రామాణిక చికిత్స ఈ స్థాయిని అందుకొంటుంది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఈ వివరణను మరింత బలపరుస్తుంది. కొద్దిమంది రోగులలో ఆల్ఫా గ్రాహక జన్యువు పి.ఎం.ఎల్.తో కాక, 11వ క్రోమోసోమ్‌లోని పి.ఎల్.జెడ్.ఎఫ్. అనే జన్యువుతో అతుక్కొంటుంది. పి.ఎల్.జెడ్.ఎఫ్. భాగం సహనిరోధకాలను స్వతంత్రంగా పట్టుకోగలదు. అక్కడ రెటినోయిక్ ఆమ్లానికి చోటు లేదు. అందువల్ల ఔషధం గ్రాహక భాగంలో ఇమిడినా, రెండవ పట్టు సడలదు. ఈ రోగులకు అట్రా చికిత్స ఫలించదు.

6. రక్తస్రావం: గంటలతో ముడిపడిన సమస్య

ఈ వ్యాధిలో తొలి మరణాలకు ప్రధాన కారణం రక్తస్రావం, ముఖ్యంగా మెదడులో, ఊపిరితిత్తులలో జరిగేది. ల్యుకేమియా కణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను విడుదల చేసి, రక్తనాళాలలో అనవసరంగా గడ్డకట్టే ప్రక్రియను ప్రేరేపిస్తాయి. దానితో ప్లేట్‌లెట్లు, ఫైబ్రినోజన్ ఖర్చయిపోతాయి. అదే సమయంలో ఈ కణాల ఉపరితలంపై అధికంగా ఉండే అనెక్సిన్-2 ప్రోటీన్ గడ్డలను కరిగించే ప్లాస్మిన్ ఉత్పత్తిని పెంచుతుంది. ఒకవైపు గడ్డకట్టే పదార్థాలు తరిగిపోవడం, మరోవైపు ఏర్పడిన గడ్డలు కరిగిపోవడం కలిసి రోగిని ప్రాణాపాయంలోకి నెడతాయి.

అట్రా ఈ రెండు ప్రోటీన్ల ఉత్పత్తినీ తగ్గిస్తుంది. కణాలను పగలగొట్టకుండా వాటి స్వభావాన్ని మార్చడం వల్ల రక్తస్రావ లక్షణాలు కొద్ది రోజులలోనే తగ్గుముఖం పడతాయి. అందుకే సూక్ష్మదర్శినిలో ఈ వ్యాధి అనుమానం కలిగిన వెంటనే, జన్యుపరీక్ష ఫలితం కోసం వేచి ఉండకుండా అట్రాను ప్రారంభించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. దానితో పాటు ప్లేట్‌లెట్లను, ఫైబ్రినోజన్‌ను సురక్షిత స్థాయిలో ఉంచేందుకు తగిన రక్తాంశాలను ఎక్కించాలి. ఈ నియమం ఎంత కీలకమో స్వీడన్ జాతీయ నమోదుల పరిశీలన తెలుపుతుంది. 1997, 2006 సంవత్సరాల మధ్య అక్కడ నమోదైన 105 మందిలో 29 శాతం వ్యాధి నిర్ధారణ జరిగిన 30 రోజులలోపే మరణించారు. అట్రా అందుబాటులోకి వచ్చిన తరువాతి కాలపు లెక్క ఇది. మందు ఉండడం వేరు, అది సకాలంలో రోగికి అందడం వేరు.

7. పరిణతి ఒక్కటే స్వస్థత కాదు

అట్రాతో లభించిన ఉపశమనం నిలవలేదు. పారిస్‌లోని సాన్-లూయీ వైద్యశాలలో లారాన్ దెగో బృందం 1990లో 22 మంది రోగులలో 14 మందికి పూర్తి ఉపశమనం కలిగిందని ప్రకటించింది. కానీ అట్రాను మాత్రమే కొనసాగించిన రోగులలో చాలామందికి కొన్ని నెలలలోనే వ్యాధి తిరగబెట్టినట్లు ఇక్కడా, ఇతర చోట్లా తేలింది. దీనికి ఒక కారణం ఔషధ జీవక్రియలో ఉంది. అట్రాను నిరంతరం వాడితే దాన్ని విచ్ఛిన్నం చేసే సైటోక్రోమ్ ఎంజైములు పెరుగుతాయి. రక్తంలో దాని గాఢత క్రమంగా పడిపోతుంది. కొందరిలో సంలీన ప్రోటీన్‌లో అట్రా ఇమిడే చోటనే ఉత్పరివర్తనాలు ఏర్పడతాయి. అయితే ఈ కారణాలు మాత్రమే సమస్యను పూర్తిగా వివరించలేకపోయాయి.

అసలు ప్రశ్న వేరు. ఎదిగిన కణాలు మరణించినప్పుడు, వాటికి మూలమైన కణాలు ఏమవుతున్నాయి? వ్యాధిని మళ్లీ మళ్లీ పుట్టించగల సామర్థ్యం ల్యుకేమియా ప్రారంభక కణాలకు ఉంటుంది. ఇవి మిగిలి ఉన్నంతకాలం రోగికి లభించినది తాత్కాలిక విరామమే.

ఈ ప్రశ్నకు 2008లో హ్యూగ్ ద తే బృందం ఎలుకలపై చేసిన ప్రయోగాలు సమాధానమిచ్చాయి. పి.ఎల్.జెడ్.ఎఫ్. సంలీన ప్రోటీన్ వల్ల ల్యుకేమియా వచ్చిన ఎలుకలకు రెటినోయిక్ ఆమ్లం ఇచ్చినప్పుడు కణాలు పూర్తిగా పరిణతి చెందాయి. అయినా ప్రారంభక కణాలు నశించలేదు, వ్యాధి ఉపశమించలేదు. పి.ఎం.ఎల్. సంలీన ప్రోటీన్ ఉన్న ఎలుకలలో మాత్రం పరిణతితో పాటు ప్రారంభక కణాలు కూడా తొలగిపోయాయి. అంటే పరిణతి, నిర్మూలన అనేవి వేరు చేయదగిన ప్రక్రియలని తేలింది.

నిర్మూలనకు ఆధారం సంలీన ప్రోటీన్ విధ్వంసమే. అట్రా గ్రాహక భాగంలో ఇమిడి జన్యువులను మేల్కొల్పడంతో ఆగదు. తాను ఇమిడిన ప్రోటీన్‌ను కణంలోని ప్రోటియాసోమ్ అనే విచ్ఛేదక యంత్రాంగానికి అప్పగించే మార్పులను కూడా ప్రేరేపిస్తుంది. సంలీన ప్రోటీన్ నశించగానే పి.ఎం.ఎల్. కేంద్రక దేహాలు తిరిగి ఏర్పడతాయి. 2014లో ఇదే పరిశోధక వర్గం ప్రచురించిన ఫలితాల ప్రకారం, తిరిగి ఏర్పడిన ఈ దేహాలు పి-53ను క్రియాశీలం చేస్తాయి. ప్రారంభక కణాలు తమను తాము నవీకరించుకొనే శక్తిని కోల్పోతాయి. దీన్ని తాళంతో పోల్చవచ్చు. తాళం తెరవడం పరిణతి. తాళాన్ని విరగగొట్టడం స్వస్థత. తెరిచిన తాళాన్ని మళ్లీ వేయవచ్చు, విరిగినదాన్ని వేయలేరు. అట్రా రెండు పనులూ చేయగలదు కానీ, రెండవ పనిని ఒంటరిగా పూర్తి చేయలేదు.

8. పాషాణం తోడ్పాటు

ఆ రెండవ పనిని పూర్తి చేసిన పదార్థం ప్రాచీన వైద్య సంప్రదాయాలలో తెల్లపాషాణంగా ప్రసిద్ధమైన ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్. చైనాలోని హార్బిన్ నగరంలో జాంగ్ తింగ్‌డాంగ్ బృందం 1970ల నుండి ల్యుకేమియా రోగులపై దీన్ని పరిశీలించింది. 1997లో షాంఘై పరిశోధకులు, అట్రా వాడిన తరువాత వ్యాధి తిరగబెట్టిన 15 మందిలో 14 మందికి ఆర్సెనిక్ చికిత్సతో పూర్తి ఉపశమనం కలిగిందని ప్రచురించారు.

ఆర్సెనిక్ సంలీన ప్రోటీన్‌కు రెండవ కొసన పనిచేస్తుంది. ఇది పి.ఎం.ఎల్. భాగంలోని సిస్టీన్‌లకు నేరుగా బంధితమవుతుందని 2010లో వెల్లడైంది. ఈ బంధం తరువాత పి.ఎం.ఎల్.కు సూమో అనే చిన్న ప్రోటీన్ చేరుతుంది. ఆ గుర్తును ఆర్.ఎన్.ఎఫ్.-4 అనే ఎంజైము గుర్తించి యుబిక్విటిన్‌ను జోడిస్తుంది. యుబిక్విటిన్ ముద్ర పడిన ప్రోటీన్‌ను ప్రోటియాసోమ్ ముక్కలు చేస్తుంది. అట్రా గ్రాహక భాగాన్ని, ఆర్సెనిక్ పి.ఎం.ఎల్. భాగాన్ని పట్టుకొని ఒకే ప్రోటీన్‌ను రెండు వైపుల నుండి ధ్వంసం చేస్తాయి. ఎలుకలలో ఈ రెండింటినీ కలిపి ఇచ్చినప్పుడు పరిణతి అదనంగా పెరగలేదు. ప్రారంభక కణాల నిర్మూలన మాత్రం పెరిగింది. పరిణతికీ స్వస్థతకూ మధ్య ఉన్న తేడాకు ఇంతకంటే స్పష్టమైన ఆధారం అరుదు.

రోగులలోనూ ఈ అవగాహన నిజమైంది. ఇటలీ, జర్మనీ వైద్యులతో కలిసి ఫ్రాంచెస్కో లో-కోకో 2013లో ప్రచురించిన అధ్యయనంలో, తెల్ల రక్తకణాల సంఖ్య అధికంగా లేని రోగులకు అట్రా, ఆర్సెనిక్ కలిపి ఇచ్చారు. మరో వర్గానికి అట్రాతో పాటు కీమోథెరపీ ఇచ్చారు. రెండేళ్ల తరువాత వ్యాధి తిరగబెట్టడం వంటి అవాంతరాలు లేకుండా జీవించి ఉన్నవారు మొదటి వర్గంలో 97 శాతం, రెండవ వర్గంలో 86 శాతం. సంప్రదాయ కీమోథెరపీ లేకుండానే ఒక తీవ్రమైన ల్యుకేమియాను నయం చేయవచ్చునని ఈ అధ్యయనం చూపింది.

భారతదేశ అనుభవం కూడా ఇక్కడ ప్రస్తావనార్హం. వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కళాశాల వైద్యులు కొత్తగా వ్యాధి నిర్ధారణ అయిన 72 మందికి ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ప్రధానంగా చికిత్స చేసి, 86 శాతం మందికి పూర్తి ఉపశమనం కలిగిందని 2006లో ప్రచురించారు. ఖరీదైన చికిత్సను భరించలేని రోగులున్న దేశాలకు ఈ ఫలితం ప్రత్యేకంగా విలువైనది.

9. చికిత్సలోని ప్రమాదాలు

కణాలను ఎదిగించే చికిత్సకు దానికే ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఒక్కసారిగా పరిణతి చెందుతున్న కణాలు రక్తంలో పెరిగి, ఊపిరితిత్తులు తదితర అవయవాలలోకి చొచ్చుకొనిపోతాయి. వాపును కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. జ్వరం, ఆయాసం, శరీర బరువు పెరగడం, ఊపిరితిత్తుల చుట్టూ లేదా గుండె చుట్టూ నీరు చేరడం, రక్తపోటు పడిపోవడం దీని లక్షణాలు. 1992లో వర్ణితమైన ఈ స్థితిని విభేదన సిండ్రోమ్ అంటారు. అనుమానం కలిగిన వెంటనే డెక్సామెథసోన్ 10 మిల్లీగ్రాములను రోజుకు రెండుసార్లు ఇవ్వడం ప్రామాణిక పద్ధతి. సకాలంలో గుర్తిస్తే చాలామంది కోలుకొంటారు. ఔషధం పనిచేస్తున్నదనడానికి సూచన అయిన పరిణతే ప్రాణాపాయానికి కారణం కావడం వల్ల, ఈ దశలో నిరంతర పర్యవేక్షణ తప్పనిసరి.

అట్రా వల్ల తలనొప్పి, చర్మం పొడిబారడం, కొందరిలో కపాలంలో ఒత్తిడి పెరగడం సంభవిస్తాయి. గర్భస్థ శిశువులో తీవ్రమైన అవయవ లోపాలను కలిగించగలదు కనుక గర్భధారణ విషయంలో కఠినమైన జాగ్రత్తలు అవసరం. ఆర్సెనిక్ వాడేటప్పుడు గుండె విద్యుత్ లయను, రక్తంలోని పొటాషియం, మెగ్నీషియం స్థాయిలను క్రమం తప్పక పరీక్షించాలి.

10. ఈ ఫలితాలకు ఉన్న హద్దులు

అట్రా సాధించిన విజయం నుండి ‘ఎ’ విటమిన్ క్యాన్సర్‌ను నయం చేస్తుందనే నిర్ణయానికి రావడం పొరపాటు. దీనికి మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, ఈ చికిత్స ఒక నిర్దిష్ట సంలీన ప్రోటీన్‌పై ఆధారపడినది. ఆ ప్రోటీన్ లేని ఇతర మైలాయిడ్ ల్యుకేమియాలలో అట్రా ఇటువంటి ఫలితాలను ఇవ్వలేదు. రెండవది, ఆహారం ద్వారా గానీ మాత్రల ద్వారా గానీ అందే ‘ఎ’ విటమిన్‌లో అధికభాగం కాలేయంలో నిల్వ అవుతుంది. అది రెటినోయిక్ ఆమ్లంగా మారడం కణాల అదుపులో ఉంటుంది. విటమిన్ మాత్రలు మింగితే రక్తంలో మైక్రోమోల్ స్థాయి అట్రా ఏర్పడదు; కాలేయానికి హాని మాత్రం జరగవచ్చు. మూడవది, ఇందుకు వ్యతిరేకమైన సాక్ష్యం ఉంది. అమెరికాలో 18 వేలమందికి పైగా ధూమపానం చేసేవారిపై, మానినవారిపై, ఆస్బెస్టాస్ ధూళి సోకిన కార్మికులపై జరిగిన ‘కేరెట్’ అధ్యయనంలో బీటా కెరోటిన్, ‘ఎ’ విటమిన్ కలిపి ఇచ్చారు. వాటిని పొందిన వర్గంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం అధికంగా కనిపించడంతో 1996లో ఆ ప్రయోగాన్ని ముందుగానే నిలిపివేశారు.

విటమిన్‌గా పోషణకు తోడ్పడే పదార్థం, దాని ఉత్పన్నంగా ఔషధమయ్యే పదార్థం ఒకే కుటుంబానికి చెందినవైనా, వాటి పనులు ఒకటి కావు. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్ ఫోలిక్ ఆమ్లం కానట్లే, అట్రా కూడా ఆహారంలోని ‘ఎ’ విటమిన్‌కు ప్రత్యామ్నాయం కాదు.

11. ముగింపు

ఒకప్పుడు రోజుల వ్యవధిలో ప్రాణం తీసిన ఈ ల్యుకేమియా, నేడు అధికశాతం రోగులలో నయమయ్యే వ్యాధి అయింది. ఈ మార్పులో చికిత్స ముందు నడిచింది, వివరణ తరువాత వచ్చింది. 1985 నాటి వైద్యులకు తమ ఔషధం ఏ ప్రోటీన్‌ను తాకుతున్నదో తెలియదు. ఆ ప్రోటీన్ తెలిసిన తరువాత, అట్రా దాని నిరోధక శక్తిని సడలించడం వల్ల కణం ఎదుగుతుందనీ, దాన్ని ధ్వంసం చేయడం వల్ల వ్యాధి అంతరిస్తుందనీ స్పష్టమైంది. ఆర్సెనిక్‌ను అట్రాకు జోడించడంలోని సహేతుకత కూడా ఈ విభజన వల్లనే అవగతమైంది.

ఇతర ల్యుకేమియాలకు విభేదన చికిత్సలను అన్వేషించే పరిశోధకులకు ఇందులో ఒక కొలమానం లభిస్తుంది. సూక్ష్మదర్శిని కింద కణాలు ఎదిగినట్లు కనిపించడంతో ప్రయోగం సఫలమైనట్లు కాదు. వ్యాధిని పుట్టించే కణాలు తమను తాము కొనసాగించుకొనే శక్తి కోల్పోయాయా, దానికి కారణమైన ప్రోటీన్ మిగిలి ఉన్నదా అన్న ప్రశ్నలకు కూడా సమాధానం కావాలి. వైద్యశాలలలో మాత్రం మరొక కొలమానం ఉంది: అనుమానం కలిగిన క్షణానికీ, మొదటి మోతాదు రోగికి అందిన క్షణానికీ మధ్య గడిచిన సమయం. ప్రయోగశాల సాధించిన జ్ఞానం ఎంతమంది ప్రాణాలను నిలబెడుతుందో నిర్ణయించేది చివరకు ఆ వ్యవధే.